వయసు టికెట్టా, ఎత్తు టికెట్టా: పిల్లలతో పార్కుకు వెళ్లేవారికి ఏది మేలు?

వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: వినోద పార్కుల్లో పిల్లల టికెట్టు ధరను వయసును బట్టి నిర్ణయించడం న్యాయమా, ఎత్తును బట్టి నిర్ణయించడం న్యాయమా? అమెరికా నుంచి సెలవులకు వచ్చినవారు హైదరాబాద్ శివారు రావిర్యాలలోని వండర్‌లా గేటు దగ్గర పిల్లవాణ్ణి కొలత గీత పక్కన నిలబెట్టడం చూసి ఇదేం పద్ధతని ఆశ్చర్యపోతారు. ఇక్కడి నుంచి అమెరికాలోని ఓర్లాండో డిస్నీ పార్కుకు వెళ్లినవారు పదేళ్లు నిండిన పిల్లకు పెద్దల ధర కట్టవలసి వచ్చిందని వాపోతారు. ఇద్దరి ఫిర్యాదులోనూ కొంత నిజముంది. అయితే రెండు పద్ధతులూ సమానమేనని చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. రైడ్ల కోసం వెళ్లే పార్కు వరకూ నా మొగ్గు ఎత్తు వైపే.

ముందుగా నియమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌లో మూడేళ్లు నిండేదాకా టికెట్టు అవసరం లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల ధర, పదేళ్లు నిండితే పెద్దల ధర. పారిస్ డిస్నీలాండ్ పిల్లల ధరను పదకొండేళ్ల వరకు కొనసాగిస్తుంది. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్ నాలుగు నుంచి పన్నెండేళ్ల వారికి పిల్లల టికెట్టు ఇస్తుంది. టోక్యో డిస్నీలాండ్ మరో మెట్టు కలిపి నాలుగు నుంచి పదకొండు వరకు పిల్లలుగానూ, పన్నెండు నుంచి పదిహేడు వరకు జూనియర్లుగానూ లెక్కిస్తుంది. ఒకే పిల్లవాడు ఒక దేశంలో పెద్దవాడై మరో దేశంలో ఇంకా పిల్లవాడిగానే ఉండటాన్ని బట్టి, వయసు గీతకు శాస్త్రీయమైన ఆధారమేదీ లేదనీ, అది వ్యాపారులు తమ వీలును బట్టి గీసుకున్నదేననీ తెలిసిపోతుంది.

గీత ఎక్కడ ఉందన్న దాని కంటే దానికి అటూ ఇటూ ధరలో ఎంత తేడా ఉందో ముందు చూసుకోవాలి. ఓర్లాండోలో పిల్లల టికెట్టుకూ పెద్దల టికెట్టుకూ మధ్య ఉండేది కొద్ది డాలర్ల తేడా మాత్రమే. ఒక రోజు టికెట్టే వంద డాలర్లు దాటే చోట పదో పుట్టినరోజు గురించి బెంగపడనక్కర లేదు. అక్కడ నిజంగా బరువైనది మూడో పుట్టినరోజు, ఎందుకంటే ఆ రోజుతో ధర సున్నా నుంచి దాదాపు పూర్తి ధరకు ఎగబాకుతుంది. టోక్యో సంగతి వేరు. 2023 అక్టోబరు నుంచి రద్దీ రోజుల్లో అమలవుతూ వచ్చిన గరిష్ఠ ధరలు పెద్దలకు 10,900 యెన్లు, జూనియర్లకు 9,000, పిల్లలకు 5,600. అంటే పిల్లల టికెట్టు పెద్దల ధరలో సగానికి కాస్త ఎక్కువ. మన వండర్‌లాలో తేడా సుమారు ఐదో వంతు. నలుగురున్న కుటుంబంలో ఒక పిల్లవాడు గీత దాటడం వల్ల టోక్యోలో పడేంత భారం ఇక్కడ పడదు.

నా దృష్టిలో తేల్చవలసిన అసలు విషయం మరొకటి: ఆ డబ్బుకు పిల్లవాడికి లోపల ఏం దక్కుతుంది? రోలర్ కోస్టర్‌లో కూర్చున్న మనిషిని పట్టి ఉంచేది ఒళ్లోకో భుజాల మీదికో దిగే ఇనుప కడ్డీ. అది ఒక స్థాయి శరీరానికి తగినట్టు తయారైనది కాబట్టి, అంతకంటే చిన్న శరీరం దాని కిందినుంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఏ దేశంలోనైనా, టికెట్టును వయసు ప్రకారం అమ్మే పార్కుల్లో సైతం, రైడ్ దగ్గరికి వచ్చేసరికి చూసేది ఎత్తే. డిస్నీ వరల్డ్‌లో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 44 అంగుళాలు, ట్రాన్ ఎక్కాలంటే 48 అంగుళాలు ఉండాలి. నాలుగేళ్ల పిల్లల ఎత్తు సాధారణంగా 40 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే దాదాపు పూర్తి ధర కట్టి లోపలికి వెళ్లిన నాలుగేళ్ల పిల్లకు ఆ రెండూ మూసిన తలుపులే. సింగపూర్‌లో మమ్మీ రైడ్‌కు 122 సెంటీమీటర్లు, బ్యాటిల్‌స్టార్ గలాక్టికాకు 125 కావాలి. మామూలు ఎత్తున్న ఆరేళ్ల పిల్లవాడు రెండింటి దగ్గరా వెనుదిరగవలసిందే. అదే పార్కులో అదే పిల్లల టికెట్టు మీద పన్నెండేళ్ల వాడు అన్నీ ఎక్కి దిగుతాడు. ధర ఒక్కటే అయినా ఇద్దరికీ దక్కిన పార్కు ఒక్కటి కాదు.

వండర్‌లాలో గీసిన 140 సెంటీమీటర్ల గీతకు ఈ దృష్టితో చూస్తే అర్థం కనిపిస్తుంది. అక్కడి రికాయిల్ వంటి పెద్ద రైడ్లకు కావలసిన కనీస ఎత్తు కూడా అంతే కాబట్టి, పెద్దల ధర కట్టిన పిల్లవాడికి పెద్దల రైడ్లు దక్కుతాయి, దక్కని వాడికి ధర తగ్గుతుంది. టికెట్టు కిటికీ దగ్గర మోకాళ్లు కాస్త వంచి, మెడ లోపలికి లాక్కుని నిలబడిన కుర్రవాడే గంట తిరక్కుండా రికాయిల్ వరసలో మునివేళ్ల మీద లేచి నిలబడటం ఎన్నోసార్లు చూశాను; రెండు చోట్లా గీత ఒక్కటే అయినప్పుడు ఆ విద్య ఎక్కువసేపు సాగదు. అమెరికాలోనూ రోలర్ కోస్టర్లే ప్రధాన ఆకర్షణగా ఉన్న సీడార్ పాయింట్ వంటి పార్కులు 48 అంగుళాల ఎత్తునే పిల్లల టికెట్టుకు గీతగా వాడుతూ వచ్చాయి. అక్కడి పెద్ద కోస్టర్లలో అనేకం మొదలయ్యేదీ ఆ ఎత్తు దగ్గరే.

డిస్నీ వయసును ఎంచుకోవడానికీ కారణం లేకపోలేదు. వాళ్లు అమ్మేది ప్రధానంగా రైడ్లు కాదు. ఊరేగింపులు, బాణసంచా, బొమ్మల వేషాల్లో తిరిగే పాత్రలతో ఫొటోలు, ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించగల నిదానమైన సవారీలు. వీటికి ఎత్తుతో పని లేదు, పైగా నాలుగేళ్ల పిల్ల వీటిని నలభై ఏళ్ల తండ్రి కంటే ఎక్కువగానే అనుభవిస్తుంది. కథను అమ్మే చోట వయసు, వేగాన్ని అమ్మే చోట ఎత్తు సరిపోతాయని నా అభిప్రాయం. రెండింటినీ కలిపి అమ్మే సింగపూర్ యూనివర్సల్ వంటి చోటే వయసు నియమం చిన్నపిల్లలున్న ఇంటికి నష్టంగా పరిణమిస్తుంది.

ఎత్తు పద్ధతి మీద వచ్చే అభ్యంతరాల్లో ఒకటి మాత్రం గట్టిది. పిల్లలందరూ ఒకేలా ఎదగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం పదేళ్ల బాలుడి మధ్యస్థ ఎత్తు దాదాపు 138 సెంటీమీటర్లు, అంటే 140 గీతను సాధారణంగా పదేళ్లు దాటిన కొన్ని నెలలకు చేరుకుంటారు. అయితే అదే పట్టికలో బాగా పొడవుగా ఎదిగే బాలుడు ఎనిమిదిన్నర నిండకముందే దాన్ని దాటేస్తాడు, పొట్టిగా ఉండేవాడు పదమూడు దగ్గరపడితే గాని అందుకోలేడు. అమెరికా పిల్లల కొలతల ఆధారంగా వేసిన పట్టిక అది. మన పిల్లలు సగటున కొంచెం ఆలస్యంగానే ఆ గీతను చేరతారు గాని, అంతరం మాత్రం ఇక్కడా అంతే ఉంటుంది. పైగా ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందుగా ఒక్కసారిగా పొడుగవుతారు. పదకొండేళ్లకు వారి మధ్యస్థ ఎత్తు 145 సెంటీమీటర్లయితే మగపిల్లలది 143. కాబట్టి ఎత్తు గీత ఆడపిల్లల ఇంటి నుంచి కొన్ని నెలల ముందే పెద్దల ధర వసూలు చేస్తుంది. ఎనిమిదేళ్లకే ఎత్తెదిగిన పిల్లవాడి శరీరం రికాయిల్‌కు సరిపోయినా మనసు సరిపోకపోవచ్చు. భయపడి ఎక్కనివాడికి కూడా పెద్దల టికెట్టు తప్పదు. ఇది ఎత్తు పద్ధతిలో ఉన్న అసలైన లోపం, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఎత్తు ఎంతున్నా పన్నెండేళ్ల లోపు వారికి పెద్దల రైడ్లు వద్దనుకుంటే పిల్లల ధరకే ఇచ్చి, చేతికి వేరే రంగు పట్టీ కట్టే ఏర్పాటు ఏ పార్కైనా చేస్తే బాగుంటుంది.

చైనా అనుభవం ఈ అభ్యంతరానికి బలం చేకూరుస్తుంది. అక్కడి రైళ్లలో పిల్లల టికెట్టును చాలాకాలం ఎత్తును బట్టే ఇచ్చేవారు. తరం మారేకొద్దీ పిల్లలు పొడుగవుతూ ఉండటంతో గీతను పైకి జరుపుతూ పోవలసి వచ్చింది, చివరికి 2023 జనవరి 1 నుంచి వయసు పద్ధతికి మారారు: ఆరేళ్ల లోపు ఉచితం, ఆరు నుంచి పద్నాలుగు నిండేదాకా పిల్లల టికెట్టు. అయితే రైలు పెట్టెలో ఎత్తును బట్టి దక్కేదీ దక్కనిదీ ఏమీ ఉండదు, అందరూ కూర్చుని ప్రయాణించేవారే. అందుచేత రైలుకు వయసే సరైనదని ఒప్పుకుంటూనే, ఆ తీర్పును రోలర్ కోస్టర్‌కు వర్తింపజేయడం కుదరదని అంటాను.

మన రైళ్లూ బస్సులూ మొదటి నుంచీ వయసునే నమ్ముకున్నాయి. ఆర్టీసీలో ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు అర టికెట్టు. రైల్వేలో ఆ వయసు వారికి బెర్తు అడగకపోతే సగం ఛార్జీ. అడిగితే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి ఛార్జీ కట్టాలి. రైల్వే చేసిన ఆ మార్పు కూడా నిజానికి నా వాదన వైపే ఉంది, ఎందుకంటే పిల్లవాడు ఎంతటివాడన్నది కాదు, ఏం వాడుకుంటున్నాడన్నది అక్కడ ధరను నిర్ణయిస్తోంది. ఇక వయసు పద్ధతితో వచ్చే చిక్కు మన బస్సెక్కిన వారందరికీ తెలిసినదే. కండక్టరు అడగగానే తల్లి "ఐదు నిండలేదండీ" అంటుంది, వెనకనుంచి పిల్లవాడు తాను రెండో తరగతి చదువుతున్నానని గర్వంగా ప్రకటిస్తాడు. తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకాలు వచ్చాక ఉచిత ప్రయాణం ఉన్న బస్సుల్లో ఈ సంభాషణ మగపిల్లల వరకే మిగిలింది. పార్కు గేటు దగ్గర ధర వందల్లో ఉంటుంది కాబట్టి, అబద్ధమాడాలన్న ఆశ కూడా ఆ మేరకు పెరుగుతుంది. దానికి విరుగుడుగా ఆధార్ కార్డు అడగడం మొదలైతే పిల్లల పత్రాలు సంచిలో పెట్టుకుని విహారానికి బయలుదేరాలి. కొలత గీతకు ఏ పత్రమూ అక్కర లేదు, పిల్లవాడికి అబద్ధం నేర్పవలసిన అవసరమూ రాదు.

వయసు పద్ధతికి ఉన్న ఒక సౌకర్యాన్ని మాత్రం కాదనలేను. విదేశీ ప్రయాణానికి నెలల ముందే టికెట్లు కొనుక్కునేవారికి పిల్లవాడి వయసు ఏ రోజుకు ఎంతో ముందే తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత ఎత్తెంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

మిగిలిన పద్ధతుల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. నాంపల్లి నుమాయిష్‌లోలా ప్రవేశానికి కొద్దిగా తీసుకుని జెయింట్ వీల్‌కూ రంగులరాట్నానికీ విడివిడిగా డబ్బు కట్టించుకోవడం రెండు గంటలు తిరిగి వచ్చేవారికి బాగానే ఉంటుంది, రోజంతా ఉండేవారికి జేబు ఖాళీ చేస్తుంది. కుటుంబ ప్యాకేజీలు ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలన్న లెక్కకు సరిపోయే ఇళ్లకే ఉపయోగం. పదో తరగతి, ఇంటర్ విద్యార్థులకు హాల్ టికెట్టు చూపిస్తే కొన్ని పార్కులు ఇచ్చే రాయితీ టోక్యో జూనియర్ టికెట్టును పోలినదే గాని, ఏడాది పొడవునా ఉండదు.

కాబట్టి ఎవరికి ఏది మేలన్నది పిల్లలను బట్టి ఇలా ఉంటుంది. మూడేళ్ల లోపు పిల్ల ఉంటే వయసు పద్ధతి ఉన్న పార్కే లాభం, ఎందుకంటే రెండో పుట్టినరోజు నాటికే చాలామంది 85 సెంటీమీటర్లకు దగ్గరపడతారు, డిస్నీలో మరో ఏడాది ఉచితం. నాలుగు నుంచి ఏడేళ్ల వారికి రైడ్ల పార్కు ఏదైనా ఎత్తును బట్టి ధర ఉన్నదే ఎంచుకోవడం మంచిది. వయసు పద్ధతి ఉన్న చోటికి వెళ్లక తప్పకపోతే ఏయే రైడ్లకు ఎంత ఎత్తు కావాలో ముందే చూసుకుని, సగానికి పైగా మూసి ఉంటాయనిపిస్తే ప్రయాణాన్ని రెండేళ్లు వాయిదా వేయాలి. పదేళ్లు దాటి ఇంకా 140 అందుకోని పిల్లలకు వండర్‌లా చవక, అయితే పెద్ద రైడ్ల దగ్గర నిరాశ తప్పదన్న సంగతి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లాలి. ఎనిమిదేళ్లకే పొడుగెదిగి ఎత్తులంటే భయపడే పిల్లవాడు ఉన్న ఇంటికి మాత్రం నా సలహా తారుమారవుతుంది, వారికి సింగపూర్ పద్ధతే నయం. 138 నుంచి 141 మధ్య ఉన్నవారిని బయలుదేరే ముందు ఇంట్లో చెప్పుల్లేకుండా గోడకు ఆనించి కొలుచుకోండి. పొద్దున్న నిద్ర లేచినప్పుడు ఉన్న ఎత్తు సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది కాబట్టి, రాత్రి కొలిచిన అంకెను నమ్ముకుని ఉదయం పది గంటలకు గేటు దగ్గర వాదనకు దిగితే నెగ్గడం కష్టం.