చదరంగం బోర్డుకు ఏ కర్ర మేలు? ముందు తెల్ల గడి సంగతి చూడండి

చేత్తో చేసిన చదరంగం బోర్డు కావాలని వచ్చేవాళ్లు, సొంతంగా చేసుకుందామనుకునే కుర్రాళ్లు అందరూ అడిగేది ఒకటే: "టేకు మంచిదా, రోజ్‌వుడ్ మంచిదా?" రెండూ మంచివే. చేవ ఉన్న కర్ర, బాగా ఆరిన కర్ర అయితే ఈ రెండింటి వల్ల విశాఖలో బోర్డు పాడవడం అరుదు. బోర్డు నిలుస్తుందా వంగుతుందా అన్నది తేల్చేది తెల్ల గడి. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు.

నల్ల గడుల విషయం త్వరగా ముగించేద్దాం. రోజ్‌వుడ్, అంటే మన ఇరుగుడు, ఊదా ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు. బరువైనది, నున్నగా తేలుతుంది, ఖరీదూ ఎక్కువే. బిల్లు లేకుండా కొనొద్దు. 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది కాబట్టి అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలంటే రూల్స్ ఒకసారి చూసుకోండి. టేకు రంగు దీనంత ముదురు కాదు. అయినా నల్ల గడులకు పనికొస్తుందని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధనల్లోనే దాని పేరు ఉంది. నూనె గుణం ఉన్న కర్ర కాబట్టి జిగురు రాసే ముందు థిన్నర్‌తో తుడవాలి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే బర్మా టేకు ద్వారబంధం దొరికితే అస్సలు వదలకండి. దశాబ్దాల పాటు ఆరిన కర్ర అది. లోపల విరిగిన మేకులున్నాయేమో అయస్కాంతంతో చూసుకోండి, లేకపోతే చిత్రిక ఉలి పోతుంది.

ఇక తెల్ల గడి. యూట్యూబ్ చూసిన ప్రతివాళ్లూ మేపుల్ అంటారు. అందమైన కర్రే, కాదనను. కానీ అది చల్లటి, పొడి దేశాల వర్క్‌షాపుల అలవాటు. మన ఊళ్లో గాలి వేరు. సముద్రం ఒడ్డున లాసన్స్ బే వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. అప్పుడు కర్రలో తేమ 16 శాతం దాకా వెళ్తుంది. రోజంతా ఏసీ నడిచే గదిలో గాలి తేమ 55 శాతం దగ్గర ఉంటే కర్రలోది 10 శాతానికి దిగుతుంది. అంటే ఒకే బోర్డు హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి మారినా ఉబ్బడం, ముడుచుకోవడం తప్పదు.

కర్ర పొడవునా దాదాపు మారదు, నారకు అడ్డంగానే మారుతుంది. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి మేపుల్ అడ్డంగా 10 శాతం దాకా ముడుచుకుంటుంది. టేకు, రోజ్‌వుడ్ 6 శాతం లోపే. ఇప్పుడు 5 సెంటీమీటర్ల గడి తీసుకోండి. కర్రలో తేమ 10 నుంచి 16 శాతానికి పెరిగితే మేపుల్ గడి దాదాపు 1 మిల్లీమీటరు ఉబ్బుతుంది, పక్కనున్న రోజ్‌వుడ్ గడి 0.6 దగ్గర ఆగుతుంది. నాలుగు గడులు కలిసే మూల దగ్గర గోరు పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. గీత గీతకు కలవదు, ఒక గడి అంచు కొద్దిగా లేచి తగులుతుంది. జిగురు పట్టి ఉంచినచోట ఆ ఒత్తిడి ఎటూ పోలేక బోర్డునే వంచుతుంది. చుట్టూ ఫ్రేమ్‌ని కూడా జిగురుతో బిగించేస్తే ఇక చెప్పక్కర్లేదు, మూలలు విచ్చుకుంటాయి. ఫ్రేమ్ లోపల గాడి తీసి, బోర్డు కదలడానికి కొంచెం జాగా వదలాల్సింది అందుకే.

అందుకే నా ఓటు గుమ్మడి టేకుకి. పేరులో టేకు ఉన్నా చెట్టు వేరు. పాలిపోయిన మీగడ రంగు. మార్పు రోజ్‌వుడ్‌కి బాగా దగ్గర: అడ్డంగా 5 శాతం లోపే ముడుచుకుంటుంది. పై లెక్కలోనే పెడితే గడికి గడికి తేడా 0.1 మిల్లీమీటరు. ధర రోజ్‌వుడ్‌తో పోలికే లేదు.

లోపాలు లేవని కాదు. మెత్తన కర్ర, బరువైన రాజు పైనుంచి పడితే నొక్కు పడుతుంది. నూనె పూస్తే గడ్డి రంగుకి తిరుగుతుంది. అసలు తంటా సాండింగ్ దగ్గర. రోజ్‌వుడ్ పొడి తెల్ల గడి రంధ్రాల్లోకి దిగి, పొగ పట్టినట్టు బూడిద రంగు మిగులుతుంది. దీనికి నేను చేసేది, ముందు చిత్రికతోనే వీలైనంత నున్నగా తేవడం, తర్వాత పల్చటి లక్క పాలిష్ ఒక పూత వేసి రంధ్రాలు మూయడం. సాండ్‌పేపర్ ఆ తర్వాతే, అదీ నార వెంబడే. చివరి పూత మ్యాట్‌లోనే ఉండాలి. మెరిసే బోర్డు మీద లైటు పడితే ఆడేవాళ్లకి చిరాకు, ఫిడే కూడా మెరుపు వద్దంటుంది.

అంకుడు కర్ర అడిగేవాళ్లూ ఉన్నారు, ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే కదా అని. ఆ తెలుపు, సన్నటి నార చూస్తే నాకూ ఆశ పుడుతుంది. కానీ బొమ్మకు చిన్న ముక్క చాలు. బోర్డుకు అర మీటరు పొడవున తిన్నని పట్టీలు నాలుగు కావాలి. సన్నటి దుంగల్లోంచి అవి తీయడం గగనం. బోర్డు కంటే పావులకే అది సరైన కర్ర అనిపిస్తుంది. లేతు మీద తిప్పి లక్క పట్టిస్తే చాలు.

మేపులే కావాలని పట్టుబడితే మంచి ప్లైవుడ్ మీద వెనీర్ అతికించుకోండి. అంత పల్చటి పొర ఉబ్బినా ప్లై కదలనివ్వదు. అది వేరే పని, నేను చేయను.

మిగతావి: మామిడి మచ్చలు మచ్చలుగా వస్తుంది, పురుగు భయం ఉంది. అరకు కాఫీ తోటల సిల్వర్ ఓక్ చూడ్డానికి బాగుంటుంది, రంగు అటూ ఇటూ కాదు, పొట్టు కొందరికి దురద తెప్పిస్తుంది. వేప పర్లేదు. ఎర్రచందనంతో చేసిపెట్టమని అడిగేవాళ్లకి మాత్రం ఒకటే జవాబు: ముందు ఫారెస్ట్ వాళ్ల పర్మిట్ చూపించండి.