సీ వ్యూ గది కాదు, పెరట్లో కుళాయి ఉన్న గది చూసుకోండి: వైజాగ్ బీచ్ వాలీబాల్ ట్రిప్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది టూరిస్టుల కోసం కాదు. వైజాగ్‌లో ఏం చూడాలి, ఎక్కడ ఫొటోలు దిగాలి అని చెప్పేవాళ్లు వెయ్యిమంది ఉన్నారు. ఇసుకలో రోజుకి రెండు మూడు మ్యాచ్‌లు ఆడి, ఒళ్లంతా ఉప్పు పేరుకుపోయి, పిక్కలు పట్టేసి ఈడ్చుకుంటూ గదికి చేరేవాళ్లకి ఆ ఊరు ఎలా ఉంటుందన్నదే నా గొడవ.

నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. నాతో జంటగా ఆడేది మా పిన్ని కూతురు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మామూలు వాలీబాల్ చిన్నప్పటి నుంచీ ఆడుతున్నాం కానీ ఇసుకలోకి దిగి రెండేళ్లే అయింది. మే సెలవుల్లో ఆర్కే బీచ్‌లో ఓపెన్ టోర్నమెంట్ ఉందని, ఆడవాళ్ల విభాగం కూడా పెట్టారని వాట్సాప్‌లో పోస్టర్ వస్తే ఇంకేం ఆలోచించకుండా జంటకి వెయ్యి రూపాయలు కట్టేశాం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో చెల్లి సికింద్రాబాద్‌లో ఎక్కింది, నేను పెరుగన్నం డబ్బాతో ఖమ్మంలో ఎక్కాను. 1974 నుంచి నడుస్తున్న బండి, రాత్రి పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్‌లో దింపేస్తుంది, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. బాల్‌లో గాలి తీసి బ్యాగులో సర్దుకున్నాం, పంపు మాత్రం మర్చిపోకండి. బీచ్ బాల్‌కి మామూలు బాల్ కంటే గాలి తక్కువ ఉండాలి, అక్కడ ఎవరి పంపో అడుక్కుంటే వాళ్లు రాయిలా కొట్టి ఇస్తారు.

ఇక గది సంగతి. మా చెల్లి ఆన్‌లైన్‌లో చూసి బీచ్ రోడ్డు మీదే, సముద్రం కనిపించే గది బుక్ చేసింది. రోజుకి 3,200. నిజమే, కిటికీ తీస్తే ఎదురుగా సముద్రం, దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ, లంగరేసిన ఓడలు. రిసెప్షన్‌లో ఆధార్ కార్డులు చూస్తూ "ఇద్దరేనా మేడం, జెంట్స్ ఎవరూ రాలేదా" అని అడిగినప్పుడే నాకు సగం మూడ్ పోయింది, అయినా సర్దుకున్నాను. అసలు కథ సాయంత్రం మొదలైంది. రెండు గంటలు ప్రాక్టీస్ చేసి వచ్చాం. బీచ్ ఇసుక ఎంత దులిపినా పోదు, మోకాళ్ల వెనక, చెవుల్లో, సాక్సుల కుట్లలో, జడలో ఉంటుంది. లాబీలో తెల్లటి పాలరాయి మీద మా అడుగులు చూసి సెక్యూరిటీ అతను మొహం చిట్లించాడు. బయట కాళ్లు కడుక్కునే చోటుందా అంటే లేదన్నాడు. బీచ్ ఎదురుగా హోటల్ కట్టినవాళ్లకి, వచ్చేవాళ్ల కాళ్లకి ఇసుక ఉంటుందని ఎలా తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే అని పైకి వెళ్లి ఒకరి తర్వాత ఒకరం స్నానం చేశాం. రెండో స్నానం సగంలో ఉండగానే నీళ్లు పోవడం మానేశాయి. జాలీ మూత తీసి చూస్తే లోపల గుప్పెడు ఇసుక, వెంట్రుకలు కలిసి ముద్ద కట్టింది. చెల్లి చెంబు పట్టుకుని నిలబడి "అక్కా, రూమ్‌లోకి వచ్చేస్తున్నాయి" అని అరుపు. హౌస్‌కీపింగ్ వాళ్లు పుల్ల పెట్టి గెలికి బాగుచేశారు, దానికి బిల్లులో 500 వేశారు. అదేంటంటే శుభ్రం చేసిన చార్జీ అట! 3,200 కట్టి చూసిన సముద్రంలో గుప్పెడు లోపలికి తెచ్చినందుకు 500. నేను గట్టిగానే మాట్లాడాను, తగ్గలేదు. పేరు రాయట్లేదు, ఆ రోడ్డు మీద అన్నీ దాదాపు అలాగే ఉన్నాయని తర్వాత మిగతా టీములు చెప్పాయి.

ఆ సాయంత్రం ప్రాక్టీస్‌లో మాకు ఎదురుగా ఆడిన శ్రీకాకుళం అమ్మాయిలే మమ్మల్ని కాపాడారు. ఫోన్ చేసి మా గోడు చెప్పుకుంటే "మా లాడ్జికి వచ్చీండక్కా, పెరట్లో కుళాయి ఉంది" అన్నారు. అంతే, పొద్దున్నే ఆరింటికి సంచులెత్తుకుని వెళ్లిపోయాం. పాండురంగాపురం డౌన్ నుంచి పైకెక్కే సందుల్లో ఒకదాంట్లో రెండంతస్తుల పాత బిల్డింగ్. గది 1,100. లిఫ్ట్ లేదు, టీవీ ఉంది కానీ పనిచేయదు, ఏసీ పనిచేస్తుంది కానీ లారీ స్టార్ట్ చేసినట్టు చప్పుడు. కిటికీ తీస్తే పక్కింటి వాళ్ల వాటర్ ట్యాంకు.

కానీ పెరడు! వెనక గేటు తీసుకుని వస్తే సిమెంటు గచ్చు, దాని మీద బట్టలుతికే బండ, మోకాలి ఎత్తులో ఒక కుళాయి, దానికి బిగించిన పచ్చ రబ్బరు పైపు. పక్కనే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము, మగ్గు. ఒంటి మీద బట్టలతోనే నిలబడి తలనుంచి పాదాల దాకా పైపు పట్టుకుంటే ఇసుకంతా గచ్చు మీంచి కొబ్బరి చెట్టు పాదులోకి పోతుంది. ఆ చెట్టు మొదట్లో ఇప్పటికే చిన్న బీచ్ తయారైంది. అక్కడ ఉండే వాచ్‌మన్ తాత మొదటిరోజు మమ్మల్ని చూసి "ఏటమ్మా, సముద్రాన్ని మొత్తం ఎత్తుకొచ్చీసినారేటి" అని నవ్వి, తనే వెళ్లి మోటారు వేశాడు. డాబా మీద దండేలు, క్లిప్పులతో సహా. మే నెల ఎండకి జెర్సీలు గంటలో ఆరిపోయాయి. నా లెక్కలో ఐదుకి ఐదు, ఏసీకి అర తగ్గించమంటే తగ్గిస్తాను. ఒక్కటి గుర్తుంచుకోండి, వైజాగ్ మిట్టపల్లాల ఊరు. బీచ్‌కి వెళ్లేటప్పుడు దిగుడే, హాయిగా ఉంటుంది. మూడో మ్యాచ్ అయ్యాక ఆ ఎత్తు ఎక్కడం ఉంది చూశారూ, అది నాలుగో మ్యాచ్.

కోర్టు విషయానికొస్తే, ఆర్కే బీచ్ ఇసుక అన్నిచోట్లా ఒకేలా లేదు. పైన మెత్తగా, అరచేయి లోతు తవ్వితే కొన్ని చోట్ల గట్టిగా తగిలింది. నల్ల చారలు కూడా కనిపిస్తాయి, ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలు ఈ తీరమంతా ఉన్నాయి కదా, ఆ నల్ల ఇసుక మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. సాండ్ సాక్సులు లేకుండా వెళ్లకండి. ఈ బీచ్‌కి ఇంకో కథ ఉంది. దక్షిణం నుంచి అలలతో కొట్టుకొచ్చే ఇసుకని ఔటర్ హార్బర్ గోడలు ఆపేస్తాయి, దాంతో ఇక్కడ తీరం కోసుకుపోతూ ఉంటుంది. అందుకే పోర్టు వాళ్లు అక్కడ డ్రెడ్జింగ్ చేసిన ఇసుకని తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. అంటే మనం ఆడేది సగం హార్బర్ ఇసుకలో అన్నమాట. దాంతోపాటు గవ్వ ముక్కలు, సీసా మూతలు కూడా తగులుతాయి. నిర్వాహకులు పలుగుదంతెతో గీకించారు కానీ గీకిన మనిషికి టిఫిన్ టైమ్ అయినట్టుంది, మా కోర్టు సగంలో వదిలేశాడు. మిగతా సగం మేమే చేతులతో ఏరుకున్నాం.

నిర్వాహకుల పేరు కూడా రాయను, కుర్రాళ్లు, కష్టపడ్డారు, చెడ్డవాళ్లు కాదు. కానీ ఏడింటికన్న మ్యాచ్ తొమ్మిదింబావుకి మొదలైంది, ఎవరో అతిథి రావాలట. చల్లటి పూట మగవాళ్ల మ్యాచ్‌లన్నీ వేసేసి, ఆడవాళ్లని పదకొండున్నరకి దింపారు. దిగాక చూస్తే నెట్ ఎత్తు తేడాగా అనిపించింది. నా కిట్‌లో టేపు ఎప్పుడూ ఉంటుంది, ఇరవై మంది చూస్తుండగా కొలిచాను. 2.43 మీటర్లు, మగవాళ్ల నెట్ అలాగే వదిలేశారు. మాకు 2.24 ఉండాలి. "పర్లేదు మేడం, ఇద్దరికీ సమానమే కదా" అన్నాడొక కుర్రాడు. అలా అయితే బుట్ట కూడా సమానంగా పైన పెట్టి బాస్కెట్‌బాల్ ఆడిద్దాం అన్నాను. దించడానికి పావుగంట పట్టింది, ఆ పావుగంటా ఎండలోనే నిలబడ్డాం.

అంపైర్లది ఇంకో రకం. ఒకాయన పాపం మామూలు వాలీబాల్‌లో పెద్ద అనుభవం ఉన్న మనిషే, కానీ బీచ్ రూల్స్ చూసుకుని రాలేదు. మామూలు ఆటలో బ్లాక్, అంటే అవతలివాళ్లు కొట్టిన బాల్‌ని నెట్ దగ్గరే చేతులతో ఆపడం, టచ్‌గా లెక్కలోకి రాదు, ఆ తర్వాత మూడు టచ్‌లు ఉంటాయి. బీచ్‌లో బ్లాకే మొదటి టచ్, ఇంక రెండే మిగులుతాయి. క్వార్టర్ ఫైనల్ మూడో సెట్, 12-12, అవతలివాళ్లు బ్లాక్ చేసి, లేపి, సెట్ చేసి, కొట్టారు. నాలుగు. మేం ఆగిపోయి చేతులెత్తాం, ఆయన పాయింట్ వాళ్లకిచ్చాడు. ఐదు నిమిషాలు వాదన. చెల్లి ఫోన్లో రూల్ బుక్ తీసి చూపిస్తే చదివి, తలూపి, "వచ్చే పాయింట్ నుంచి చూస్తాను" అన్నాడు. 15-13 ఓడిపోయాం. ఓడినందుకు రాస్తున్నాననుకుంటారేమో, కొంత నిజమే.

గాలి గురించి కూడా చెప్పాలి, ఇది మాకు అక్కడివాళ్లు నేర్పిన పాఠం. మేలో మధ్యాహ్నం దాటితే హార్బర్ వైపు నుంచి తీరం వెంబడి బలంగా కొడుతుంది. టాస్ గెలిస్తే గాలికి ఎదురుగా ఉండే వైపు తీసుకోండి. గాలి వీపు మీద ఉంటే హాయి అనుకుంటాం గానీ కొట్టిన ప్రతి బాలూ గీత దాటి పోతుంది. ఎదురుగాలిలో గట్టిగా కొట్టినా లోపలే పడుతుంది. మొదటి రెండు సెట్లలో ఏడేసి పాయింట్లకి వైపులు మారుతాం కాబట్టి చివరికి ఇద్దరికీ దక్కుతుంది, కానీ మొదటి ఏడు ధైర్యంగా మొదలవడం వేరు.

ఎండ మాట. ఖమ్మంలో 44 డిగ్రీల్లో పిల్లలకి ఆటలు నేర్పేదాన్ని, వైజాగ్‌లో 35 ఒక లెక్కా అనుకుని వెళ్లాను. ఉక్కపోత అంటే ఏంటో రెండో సెట్‌కి తెలిసింది. మా దగ్గర చెమట పట్టగానే ఆరిపోతుంది, ఇక్కడ కారుతూనే ఉంటుంది, ఒళ్లు చల్లబడదు. బాల్ చేతిలో జారిపోతుంది. తువ్వాళ్లు రెండు కాదు, నాలుగు తీసుకెళ్లండి. నీళ్లు టోర్నమెంట్ వాళ్లు ఇచ్చారు గానీ కూల్ క్యాన్లు పదింటికే అయిపోయాయి. మమ్మల్ని నిలబెట్టింది రోడ్డు మీద తాటి ముంజలమ్మే ఒకావిడ. గోటితో పొర తీసి చేతిలో పెడుతుంటే నీళ్లతో సహా మింగేయడమే. తర్వాత ఉప్పేసిన మజ్జిగ.

తిండికి మాత్రం ఈ ఊరికి వంక పెట్టలేను. సందు మొదట్లో బండి, ఆరింటికల్లా ఇడ్లీ తయారు, మ్యాచ్‌కి గంటన్నర ముందు తిని వెళ్లడానికి సరిగ్గా సరిపోయింది. అదే 3,200 హోటల్లో ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదింటికి గాని తెరవరట! సాయంత్రం బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్. మరమరాల్లో ఉల్లి, టమాటా, నిమ్మకాయ, పల్లీలు, కారం, ఆ డబ్బాలో గరిటె తిరిగే చప్పుడు వింటేనే ఆకలేస్తుంది. ఓడిన రాత్రి మాత్రం శ్రీకాకుళం అమ్మాయిలు మెస్‌కి తీసుకెళ్లి వంజరం పులుసు పెట్టించారు. వాళ్లు సెమీస్‌కి వెళ్లారు, బిల్లు వాళ్లే కట్టారు.

ఒక్క విషయం సీరియస్‌గా. మ్యాచ్ అయ్యాక వేడెక్కిపోయి సముద్రంలోకి పరిగెత్తాలనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో ఆ పని చేయకండి. ఇక్కడ లోపలికి లాగేసే ప్రవాహం ఉంటుంది, హెచ్చరిక బోర్డులున్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. చెల్లి మోకాళ్ల లోతుకి వెళ్లిందో లేదో లైఫ్‌గార్డ్ విజిల్ ఊదుతూ వచ్చేశాడు, మర్యాదగానే గానీ గట్టిగా తిట్టాడు. ఆయనకి థాంక్స్.

సోమవారం రిటర్న్ బండికి టైముందని 900కె బస్సెక్కి రుషికొండ వెళ్లాం. తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఉచితం, ఆ మహాలక్ష్మి పథకం అలవాటులో ఆధార్ తీసి చూపించాను, కండక్టర్ "తెలంగాణ కార్డు ఇక్కడ చెల్లదమ్మా" అని నవ్వి టికెట్ కొట్టాడు. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. అక్కడ బట్టలు మార్చుకునే గదులు, టాయిలెట్లు, స్నానానికి షవర్లు చూసి నాకు కోపమొచ్చింది. ఆర్కే బీచ్‌లో రెండు రోజులూ మేం ఆడవాళ్లం నలుగురం తెరలా దుప్పటి పట్టుకుని వంతులవారీగా జెర్సీలు మార్చుకున్నాం, టాయిలెట్ కోసం ఎండలో రోడ్డు దాటి వెళ్లాం. టోర్నమెంట్ ఇక్కడే పెట్టొచ్చుగా? జనం రారంటారు. ఆర్కే బీచ్‌లో జనం అక్కడి సబ్‌మెరైన్ మ్యూజియం చూడ్డానికొచ్చి మా మ్యాచ్ రెండు నిమిషాలు చూసి పోయినవాళ్లే ఎక్కువ.

వచ్చే ఏడాదీ వెళ్తాం, అదే లాడ్జికి. పేరు రాయను, రాస్తే నాకు గది దొరకదు. ఆ సందుల్లో అలాంటివి ఇంకో నాలుగైనా ఉన్నాయి, ఫోన్ చేసినప్పుడు సముద్రం కనిపిస్తుందా అని కాకుండా వెనక కుళాయి ఉందా, పైపు ఉందా, మోటారు ఎన్నింటికి వేస్తారు అని అడగండి. కింది అంతస్తు గదే తీసుకోండి. డబ్బు క్యాష్‌గా పెట్టుకోండి, తాతకి ఫోన్‌పే లేదు.