కార్తీక వనభోజనాలు: బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏ చోటు ఎవరికి

వనభోజనాలకు చోటు వెతికేటప్పుడు ఫొటోలు చూసి తేల్చుకుంటే సగం పని చెడినట్టే. నీడ, వాడుక నీళ్లు, మరుగుదొడ్డి, బండి లోపలిదాకా వెళ్లే బాట: ఈ నాలుగూ ఉన్న మామూలు మామిడితోట ముందు ఇవేవీ లేని అందమైన ఏటిగట్టు దేనికీ కొరగాదు. ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లూ ఐదేళ్లలోపు పిల్లలూ ఉంటే మరీను. గంట, రెండు గంటల ప్రయాణంలో దొరికే చోట్లను ఈ లెక్కనే తూచి చూద్దాం.

ముందు నేల సంగతి. కార్తీకమంటే ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే రాత్రికి రాత్రి వాన వచ్చేస్తుంది. గుంటూరు, పల్నాడు వైపు చాలాచోట్ల నల్లరేగడి. పావుగంట జల్లు చాలు, ఆ బంకమట్టి టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుని చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బిగుసుకుపోతుంది. ఇక బండి ముందుకు పోదు, పక్కకు జారుతుంది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంకా దిగబడుతుంది. అప్పుడు చేయాల్సింది కర్రతో మట్టి గీకేసి, టైర్ల కింద వరిగడ్డి పరిచి, మనుషుల్ని దింపి, రెండో గేరులో నెమ్మదిగా లాగడం. అదే నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం వైపు ఎర్రనేలల్లో రాత్రి వాన పడినా ఉదయం పదింటికల్లా పట్టా పరుచుకోవచ్చు. వాన సూచన ఉంటే బెజవాడవాళ్లు అటు వెళ్లడమే మేలు. గుంటూరువాళ్లు తారురోడ్డుకు ఆనుకున్న తోటే తీసుకోవాలి. "రోడ్డు నుంచి అరకిలోమీటరేనండీ" అంటాడు తోటాయన. తంటా అంతా ఆ అరకిలోమీటరులోనే.

ఏ చెట్లున్న తోట అన్నదీ చూసుకోవాలి. ఉసిరి కింద దీపం పెట్టుకుని పూజ చేసుకోవడం ఆచారమే గానీ, సన్నాకు చెట్టు కాబట్టి నీడ చిక్కగా ఉండదు. తోటలో ఒక్క ఉసిరి, దాని పక్కన ముదురు మామిళ్లు ఉంటే సరిపోతుంది. మామిడి కొమ్మల్లో ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమలుంటాయి, పట్టా పరిచేముందు ఒకసారి పైకి చూడండి. జామతోట పిల్లలకు పండగ, పెద్దవాళ్ల నడుముకు శిక్ష. అరటితోట ఫొటోలకే బాగుంటుంది. కాలవ తడి ఆరదు, కూర్చునే చోటుండదు, అరటి కసరు బట్టలకంటితే వదలదు. కొబ్బరిచెట్ల కింద వంటా వద్దు, పడకా వద్దు. గుంటూరు వైపు తోట పక్కనే మిరప, పత్తి చేలుంటే ఆ వారంలో మందు కొట్టారేమో అడగాలి. గట్టు పక్క గుంటల్లో పిల్లల్ని చేతులు కడుక్కోనివ్వకండి, మందు డబ్బాలు కడిగేది చాలాసార్లు ఆ నీళ్లలోనే.

తోట అద్దె మాట్లాడేటప్పుడు ధర చివర్న అడగండి. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వ్యవసాయ కరెంటు రోజంతా ఉండదు గనక బోరు ఏ వేళల్లో ఆడుతుంది, తొట్టి నింపి ఉంచుతారా? మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంటుంది, లోపల కుళాయి పనిచేస్తుందా? అదే రోజు ఇంకో గుంపుకు ఇచ్చారా? ఈ చివరిదానికి సూటిగా జవాబు రాకపోతే ఇచ్చారనే అనుకోండి. కార్తీక ఆదివారం ఒకే తోటలో మూడు కుటుంబాల పొయ్యిలు, మూడు సౌండ్‌బాక్సులు మామూలే. ఆదివారాలు, సోమవారాలు, పౌర్ణమి వదిలేసి రెండో శనివారం పెట్టుకుంటే బడికీ ఆఫీసుకీ సెలవే, గోలా తక్కువ.

ఇక ఏటి వైపు. బెజవాడ పిల్లలు ముందుగా అడిగేది భవానీ ద్వీపం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన 130 ఎకరాల పైచిలుకు లంక. పడవ ఎక్కడమే అక్కడి సరదా. గుండిగలూ సిలిండర్లూ మోసుకుపోవడానికి మాత్రం అనువైన చోటు కాదు. ఇంట్లో వండిన పులిహోర, దద్దోజనం డబ్బాల్లో పట్టుకెళ్లి సాయంత్రానికి వచ్చేసే చిన్న కుటుంబానికైతే బాగుంటుంది. బయల్దేరేముందు పడవలు తిరుగుతున్నాయో లేదో కనుక్కోవాలి. ఎగువ నుంచి వరద వచ్చి బ్యారేజీ గేట్లెత్తితే ఆపేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు ద్వీపమే మునిగింది. రేవులో దిగగానే ఆఖరి పడవ వేళ అడిగి పెట్టుకోండి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, రేవు కాని చోట మనుషుల్ని ఎక్కించుకునే పడవ ఎంత చవగ్గా వచ్చినా ఎక్కకండి. 2017 నవంబరు 12న, అదీ కార్తీక ఆదివారమే, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. జాకెట్ తొడగడమే కాదు, పిల్లలకు నడుం దగ్గర బెల్టు బిగించాలి. పెద్దల సైజుది వదులుగా తొడిగితే నీళ్లలో జాకెట్ పైకి తేలి పిల్ల కిందికి జారుతుంది.

ఉండవల్లి గుహలు బ్యారేజీ దాటగానే. ఒకే రాతిలో మలిచిన శయనమూర్తిని పిల్లలు చూసి తీరాల్సిందే, కానీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి వంటలకూ విస్తర్లకూ చోటు కాదు. ఎనిమిదింటికల్లా వెళ్లి, రాయి వేడెక్కకముందే దిగి, తోటకు పోవాలి. పెద్ద బస్సులో వెళ్లేవాళ్లకు ఒక మాట: బ్యారేజీ మీదికి భారీ వాహనాల్ని వదలరు, కనకదుర్గ వారధి మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆ అరగంట ముందే లెక్కలో వేసుకోండి.

అమరావతిలో అమరేశ్వరుడి దర్శనం, ఏటి స్నానం, 125 అడుగుల ధ్యానబుద్ధుడు, మ్యూజియం అన్నీ ఒక పూటలో అవుతాయి. మ్యూజియంకు శుక్రవారం సెలవు. పంచారామాల్లో ఒకటి కావడంతో కార్తీక సోమవారం క్యూలోనే పూట గడిచిపోతుంది. ఆర్టీసీ ఈ నెలలో పంచారామాలన్నీ ఒకే చుట్టులో చూపించే ప్రత్యేక బస్సులు నడుపుతుంది. భక్తికి సరే, వనభోజనంలా హాయిగా కూర్చునేది అందులో ఉండదు. సామర్లకోట దాకా పోయి రావాలి, రోజంతా సీట్లోనే. షుగర్ ఉన్నవాళ్లు వేళకు తినే ఏర్పాటు సంచిలో పెట్టుకోవాలి.

గుంటూరువాళ్లకు కొండవీడు దగ్గర. ఘాట్ రోడ్డు పడ్డాక ముసలివాళ్లు కూడా కొండమీది చెరువుల దాకా కారులోనే వెళ్లగలుగుతున్నారు. సీతాఫలాలకు పేరున్న కొండ. కార్తీకం మొదట్లో వెళ్తే దారిపక్క బుట్టల్లో అమ్ముతుంటారు. కళ్లు విచ్చుకుని, గాడులు తెల్లబడినవి మర్నాటికి పండుతాయి, నున్నగా పచ్చగా ఉన్నవి ముదరక వాడిపోతాయి. కొండమీద అటవీ భూమి కాబట్టి పొయ్యి వెలిగించకూడదు. వండింది పట్టుకెళ్లినా కోతులు ఊరుకోవు. మూతలేని గిన్నె, చేతిలో కవరు కనిపిస్తే చాలు. భోజనం కింద, విహారం పైన పెట్టుకోండి.

ఉప్పలపాడు పక్షుల చెరువుకు గంట కేటాయిస్తే చాలు. గుంటూరుకు ఆనుకుని, పెదకాకాని మండలంలో ఉంటుంది. చెరువు మధ్య సర్కారుతుమ్మల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు కిక్కిరిసి కనిపిస్తాయి. పొద్దున్నే, లేదంటే సాయంత్రం నాలుగున్నర దాటాక, అవి మేతకు పోయే, తిరిగొచ్చే వేళల్లో వెళ్లాలి. మిట్టమధ్యాహ్నం వెళ్లినవాళ్లే "ఏముందక్కడ" అంటుంటారు. రెట్టల వాసన గట్టిగా ఉంటుంది, వాంతులయ్యే పిల్లలకు ముందు ఏమీ పెట్టకండి. బైనాక్యులర్ 8 రెట్లది చాలు, 20 రెట్లది చేతిలో నిలవదు.

రాత్రి ఉండాలంటే సూర్యలంక. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. టూరిజం శాఖ వారి హరిత రిసార్టు తీరంలోనే ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు రిసార్టులూ వెలిశాయి. శని, ఆదివారాలకు చాలా ముందే నిండిపోతాయి. తీరాన్ని ఆనుకున్న గది కావాలని అందరూ ఎగబడతారు గానీ, పసిపిల్లలున్నవాళ్లకు కాస్త వెనక గదే నయం. ఇసుక, ఉప్పుగాలి తక్కువ. కార్తీక పౌర్ణమినాడు తెల్లవారుజామునే సముద్రస్నానాలకు జనం కిటకిటలాడతారు, ఆ 9 కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుందో చెప్పలేం. కారు వదిలేసి రైల్లో బాపట్ల దిగి ఆటో ఎక్కడం తేలిక. బెజవాడ నుంచి తెనాలి మీదుగా మెయిన్ లైను కదా. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి, తాడు కట్టిన హద్దు లోపలే ఉండండి. అల వెనక్కి లాగేటప్పుడు కాళ్లకింది ఇసుక జారుతుంది, పడేది అప్పుడే.

తోటల్లో గదులున్న గెస్టుహౌసులు ఈమధ్య చాలా వచ్చాయి. ఫోనులో "పది మందికి సరిపోతుంది" అంటే ఎన్ని పరుపులో లెక్క చెప్పమనండి. ఇన్వర్టరు ఫ్యాన్లకు కూడా ఉందా, బల్బులకేనా? కిటికీలకు దోమల జాలీ ఉందా? డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు? వరికోతల రోజుల్లో ఎలుకల కోసం పాములు గట్లమీద తిరుగుతాయి, రాత్రిపూట టార్చి, చెప్పులు లేకుండా బయటికి రావద్దు. కాటు పడితే కట్లు, గాట్లు పెట్టకుండా, ఆ మనిషిని నడిపించకుండా 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లడమే.

బండి బాడుగలో పేచీ వచ్చేది కిలోమీటర్ల దగ్గర. టెంపో ట్రావెలర్‌కు లెక్క షెడ్డు నుంచి షెడ్డుకా, మీ ఇంటి నుంచి ఇంటికా? టోలు, డ్రైవరు బత్తా అందులోనే కలిశాయా? ఈ రెండూ మెసేజిలో రాయించుకోండి. ఆగి ఉన్నప్పుడు ఏసీ వేయరు, అది న్యాయమే.

ఇక వంట. కేటరింగ్ తెప్పించుకుంటే హాయే గానీ పదకొండింటికి ఆటోలో బయల్దేరిన అన్నం ఒంటిగంటన్నరకు విస్తట్లో చల్లగా, ముద్దగా పడుతుంది. కూరలు, పచ్చళ్లు, బూరెలు తెప్పించుకుని, అన్నం, పప్పు, దప్పళం తోటలో వండుకోవడం మంచి మధ్యేమార్గం.

30 మందికి లెక్క ఇది. పులిహోరకు 2 కిలోలు, తెల్లన్నానికి 2.5 కిలోల బియ్యం. కందిపప్పు కిలో. గుత్తివంకాయకు 3 కిలోల వంకాయలు. కంద కిలోన్నర, బచ్చలి నాలుగు పెద్ద కట్టలు. పెరుగు 5 లీటర్లు, నెయ్యి అరకిలో. తాగడానికీ వంటకీ 20 లీటర్ల టిన్నులు ఐదు, కడుగుడుకు బోరు నీళ్లు. పులిహోరకు పాతబియ్యమే వాడాలి. బాపట్లలో పుట్టిన 5204 రకం ఏడాది నిలవున్నది అయితే బియ్యానికి రెండింతల నీళ్లతో పొడిపొడిగా వస్తుంది. కొత్త ధాన్యం ఇంకా పూర్తిగా దిగని రోజులు కాబట్టి పాతవి దొరకడం కష్టం కాదు.

పులిహోర పాడయ్యేది చింతపండు తగ్గడం వల్లా, వేడి మీద మూత పెట్టడం వల్లా. 2 కిలోల బియ్యానికి పావుకిలో చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడకాలి. అన్నం వెడల్పాటి బేసిన్లో ఆరబోసి, పసుపు, నూనె పట్టించి, చల్లారాకే పులుసు కలపాలి. వేడి అన్నాన్ని స్టీలు డబ్బాలో కుక్కి మూత బిగిస్తే ఆవిరి నీరై అడుక్కి చేరి మధ్యాహ్నానికి వాసన వేస్తుంది. కంద బచ్చలికి ఆవపిండి పొయ్యి దించి, కూర కాస్త ఆరాక కలపండి. ఉడికితే చేదెక్కుతుంది. కంద తరిగేవాళ్లు చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే రోజంతా దురద.

గుండిగలు, గరిటెలు, పొయ్యి సప్లయర్స్ షాపులో దొరుకుతాయి. వాళ్లిచ్చే 19 కిలోల సిలిండరుకు ఇంటి రెగ్యులేటరు కూర్చోకపోవచ్చు. రెగ్యులేటరు, ట్యూబు, పొయ్యి మూడూ అక్కడే తగిలించి వెలిగించి చూపించమనండి. తోటలో గాలికి మంట పక్కకు పోయి గంటలో ఉడికే పప్పు రెండు గంటలు తీసుకుంటుంది. మూడువైపులా రేకు అడ్డం పెట్టి, గాలి వచ్చే దిక్కు మూయాలి. సిలిండరు మాత్రం రేకు బయటే ఉండాలి. తెచ్చుకున్న సామాను ఎంతెంతో షాపులోనే చీటీ రాయించుకుని, తిరిగి కట్టేటప్పుడు దాన్ని చూసి సర్దండి. ఎప్పుడూ తగ్గేది హస్తాలు, జల్లిగరిటెలే. కడగడానికి తీసుకెళ్లి బోరు తొట్టి దగ్గర మరిచిపోతారు. ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది, వెతుకులాట నాలుగున్నరకే మొదలుపెట్టండి.