గీజర్‌కు పట్టిన గార: వినెగరా, నిమ్మ ఉప్పా, యాసిడా?

ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున స్నానానికి నిలబడితే ధార సగానికి తగ్గింది. కాసేపటికి గీజర్ టక్కుమని ఆగి, నెత్తి మీద చన్నీళ్లు పడ్డాయి. మాది అమలాపురం పక్కన ఒక పల్లె. తాగడానికి కాలువ నీరు, మిగతా అన్నిటికీ బోరు. ఆ బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అలాంటి నీరు వేడెక్కినప్పుడు అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి కాయిల్‌కు గారలా పడుతుంది. మాది ట్యాంకు లేని గీజర్. అందులో నీళ్లు నిలవవు, ఇరుకు దారిలో కాయిల్ మీదుగా పారుతూనే వేడెక్కుతాయి. అందుకే కొద్దిపాటి పొరకే దారి మూసుకుపోతుంది. కాయిల్ వేడి నీటికి అందక లోపలే పెరిగి, రక్షణ స్విచ్చు సరఫరా ఆపేస్తుంది.

అయితే ధార తగ్గిన ప్రతిసారీ తప్పు గారదే కాదు. కాలువ నీరు వాడే ఇళ్లలో ముందు చూడవలసింది చన్నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండే చిన్న జల్లెడ. గోదావరి ఒండ్రు అక్కడ పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. సముద్రం దగ్గరి ఊళ్లలో మరో చిక్కు ఉంది. నీళ్లు ఉప్పగా ఉన్నంత మాత్రాన గార పడుతుందని కాదు, ఆ ఉప్పు లోహాన్ని తినేస్తుంది. నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరుకు ఈ తేడా తెలియదు, నీటి కాఠిన్యం విడిగా పరీక్ష చేయించాలి. తాగునీటి కాఠిన్యానికి మన దేశ ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది.

గారే అని తేలితే దేనితో కరిగించాలి? చాలామంది వినెగర్ అంటారు. పని చేస్తుంది, కాదనను. కానీ లెక్క చూడండి. అంగట్లో దొరికే వినెగర్‌లో ఆమ్లం దాదాపు 4 శాతం. ఒక లీటరు మొత్తం ఖర్చయితే కరిగే సున్నం సుమారు 33 గ్రాములు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) 50 గ్రాములు లీటరు నీళ్లలో కలిపితే, కాగితం మీది లెక్క ప్రకారం అంతకంటే కొంచెం ఎక్కువే కరుగుతుంది. అంటే గుప్పెడు పొడి ఒక సీసా వినెగర్‌తో సమానం. పైగా వినెగర్ ఘాటు స్నానాల గదిలో రెండు రోజులు వదలదు. నేను నిమ్మ ఉప్పు వైపే. ఒక్క జాగ్రత్త: నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. మరిగే నీళ్లలో చిక్కగా కలిపితే సున్నం, నిమ్మ ఉప్పు కలిసి తెల్లటి మడ్డిగా మారి మళ్లీ గొట్టంలోనే కూర్చుంటాయి.

నిమ్మరసం, చింతపండు ఇత్తడి బిందెలకు బాగుంటాయి. వాటి పిప్పి గీజర్‌లోకి పోకూడదు.

ఇక యాసిడ్. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోస్తే పది నిమిషాల్లో గార పోతుందని చెప్పే పనివాళ్లు ఉన్నారు. పోతుంది నిజమే, గారతో పాటు లోహమూ పోతుంది. అందులోని క్లోరైడు స్టీలుకు సూదిమొనంత చిల్లులు పెడుతుంది. మా వీధిలో ఒకరు అలా చేయించుకున్నాక నెల తిరక్కుండానే జాయింటు దగ్గర కారడం మొదలైంది. కరెంటుతో నడిచే వస్తువులో నీళ్లు కారడం ప్రాణాలతో చెలగాటం. ఆ యాసిడ్ బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

కరిగించే మందు ఒక ఎత్తు, దాన్ని లోపలికి పంపడం ఇంకో ఎత్తు. గీజర్ నింపి రాత్రంతా వదిలేయడం తేలిక. కానీ గారను తాకిన ద్రావణం అక్కడికక్కడే నీరసపడుతుంది. ద్రావణం తిరుగుతూ ఉంటేనే పని జరుగుతుంది. అందుకు కొత్త పంపు కొననక్కర్లేదు, ఎయిర్ కూలర్ పంపు సరిపోతుంది. దానికి ఎత్తుకు తోసే బలం తక్కువ కనుక బకెట్‌ను గీజర్‌కు దగ్గరగా ఎత్తైన బల్ల మీద పెట్టాలి.

ముందు గీజర్‌కు కరెంటు ఆపే ఎమ్‌సీబీ స్విచ్చు దించి, టెస్టరుతో చూసుకోండి. గీజర్‌కు నీళ్లు ఆపే కుళాయి (యాంగిల్ కాక్) కట్టి, రెండు కనెక్షన్ పైపులూ విప్పండి. పంపు గొట్టం చన్నీళ్ల వైపు, రెండో గొట్టం వేడినీళ్ల వైపు నుంచి తిరిగి బకెట్‌లోకి. పంపు ప్లగ్గు పెట్టాక బకెట్‌లో చెయ్యి పెట్టవద్దు. మొదటి నిమిషాల్లో తిరిగొచ్చే ద్రావణం సోడాలా బుసబుసమంటుంది, సున్నం కరిగి గాలి బుడగలు వదులుతున్నట్టు. తర్వాత అడుగున పెంకుల్లాంటి తెల్లటి పెచ్చులు చేరతాయి. బుడగలు ఆగి, గార ఇంకా ఉందనిపిస్తే ద్రావణం మార్చండి. మాకు ముప్పావు గంట పట్టింది. నేల మార్బుల్ అయితే కింద ఒలకనివ్వకండి, మెరుపు పోతుంది.

మెకానిక్‌ను పిలవవలసిన సందర్భాలూ ఉన్నాయి. వారంటీ ఉన్నా, గీజర్‌తో వచ్చిన పుస్తకంలో ఇలా కడగవద్దని రాసి ఉన్నా, ముట్టుకుంటే జివ్వుమన్నా, ఎక్కడైనా కారుతున్నా సొంత వైద్యం వద్దు. అప్పుడు కూడా ఏ మందు పోస్తారో ముందే అడగండి.

ఈ పనికి నేను శివరాత్రి తర్వాతి ఆదివారం ఎంచుకున్నాను. చలి తగ్గి ఉంటుంది, ఒక పూట వేడినీళ్లు లేకపోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు. చివరగా మంచినీళ్లు పది నిమిషాలు పారించి, పైపులు బిగించి, వేడినీళ్ల కుళాయి తిప్పి గాలి చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా ఆగాను. ఎమ్‌సీబీ ఎత్తింది ఆ తర్వాతే. నీళ్లు నిండకముందే కరెంటు ఇస్తే కాయిల్ కాలిపోతుంది.