కుండీలో బ్లూబెర్రీ కిట్టు: మొక్క మంచిదే, మట్టే పనికిరానిది

ఒడిశాలోని సునాబెడ, కొరాపుట్ పరిసరాల్లో మిద్దెమీద కూరగాయలు పండించే తెలుగువారు ఇటీవల బ్లూబెర్రీ గురించి ఎక్కువగా అడుగుతున్నందున, ఒక నర్సరీ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్టును గురించి వివరంగా రాస్తున్నాను. అందులో బిలాక్సీ రకం మొక్క, ఒక సంచి మట్టి మిశ్రమం, గంధకం పొట్లం, సూచనల కాగితం ఉన్నాయి.

మొక్క విషయంలో నర్సరీవారిని మెచ్చుకోవాలి. కొమ్మ ఒక్కటి కూడా విరగలేదు. కవరు విప్పి చూస్తే సన్నని వేళ్లు మట్టిగడ్డ అంచుదాకా పరుచుకొని, చుట్టలు చుట్టుకోకుండా ఆరోగ్యంగా ఉన్నాయి. రకం ఎంపిక కూడా సరైనదే. అమెరికా వ్యవసాయశాఖ మిసిసిపీ రాష్ట్రంలో రూపొందించి 1998లో విడుదల చేసిన బిలాక్సీకి చలి అవసరం చాలా తక్కువ. అమెరికా ఉత్తర ప్రాంతాలకు చెందిన హైబుష్ (ఎత్తుగా పెరిగే పొద) బ్లూబెర్రీ రకాలకైతే సరిగా పూయడానికి 7 డిగ్రీల లోపు చలి వందల గంటలపాటు ఉండాలి, అది మన దగ్గర దొరకదు. కొరాపుట్ పీఠభూమి ఎత్తైన ప్రాంతం కాబట్టి ఇక్కడ ప్రయత్నించవచ్చు. బరంపురం, పర్లాకిమిడి వంటి దిగువ ఊళ్లవారికి మాత్రం, వేసవిలో మధ్యాహ్నపు నీడ ఇవ్వలేకపోతే, దీన్ని కొనమని చెప్పలేను.

నా అభ్యంతరమంతా మట్టి మిశ్రమం మీదే. బ్లూబెర్రీకి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 4.5 నుంచి 5.5 లోపు ఉండే ఆమ్ల నేల కావాలి. దాని వేళ్లకు నీరు, పోషకాలు పీల్చుకునే సన్నని నూగు ఉండదు. పీహెచ్ పెరిగితే నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. వచ్చిన సంచిలో ఉన్నవి కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు. తడిపి పీహెచ్ కాగితంతో చూస్తే అది 7 దగ్గర రంగు చూపింది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా కాబట్టి దీన్ని చిన్న లోపంగా తీసిపారేయలేము. గంధకం పొట్లం ఉందికదా అనవచ్చు. కాని గంధకాన్ని నేలలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది. నాటిన రోజునే కలిపితే ఆ లోపు మొక్క నీరసించిపోతుంది.

సూచనల కాగితం మరింత విచారకరం. పొటాష్ కోసం నెలకోసారి కట్టెల బూడిద వేయమని అందులో ఉంది. బూడిద క్షారం, ఈ మొక్కకు వేయకూడని వాటిలో అది మొదటిది. ఎరువుగా అమ్మోనియం సల్ఫేటును కొద్దికొద్దిగా, నీళ్లలో కరిగించి ఇవ్వడం మేలు. బోరునీటి ప్రస్తావన అసలే లేదు. ఆ నీటిలోని బైకార్బొనేట్లు ఎంత మంచి మట్టినైనా మెల్లగా క్షారంవైపు లాగుతాయి. మన జిల్లాలో వానలకు కొదవ లేదు కాబట్టి పైకప్పు నీటిని డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోవడమే దీనికి తగిన మార్గం.

నేను కిట్టు మట్టిని బంతిమొక్కలకు వాడి, బ్లూబెర్రీని పీట్ మాస్ (చిత్తడి నేలల్లో నాచు పేరుకుని ఏర్పడే ఆమ్ల పదార్థం), కొబ్బరిపొట్టు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపిన మిశ్రమంలో వెడల్పైన కుండీలో నాటాను. దీని వేళ్లు లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. కుండీ లోతుకన్నా వెడల్పు ముఖ్యం. పైన ఎండుటాకులు పరిచాను. ఇప్పుడు మొదలు దగ్గర ఎర్రటి కొత్త చిగుళ్లు వస్తున్నాయి. మొదటి ఏడాది పూత వస్తే తుంచివేయాలని కాగితంలో రాసినమాట మాత్రం సరైనదే, నేను దాన్ని పాటిస్తాను.

ఇదే నర్సరీలో మొక్కను విడిగా కూడా అమ్ముతున్నారు. అలా మొక్కనే కొని, మిగిలిన డబ్బును పీట్ మాస్‌కూ మిస్టీ వంటి మరొక తక్కువ చలి రకం మొక్కకూ పెట్టండి. రెండు రకాలు పక్కపక్కన ఒకేసారి పూస్తే తేనెటీగలు, తుమ్మెదలు పుప్పొడి మార్చి కాయ పెద్దదవుతుంది.