గాడ్ బ్లెస్ ది యుఎస్ఏ బైబిలు: అరవై డాలర్లకు ఏమి వస్తుంది?

టెక్సస్‌లోని మా తెలుగు సంఘానికి చెందిన ఒక పెద్దాయన క్రిస్మసు కానుకగా ఇవ్వడం వల్ల ఈ బైబిలు మా ఇంటికి వచ్చింది. 2024లో ఈస్టరుకు ముందు వచ్చిన శ్రమల వారంలో డొనాల్డ్ ట్రంప్ స్వయంగా వీడియోలో కనిపించి, కొనుక్కోవలసిందిగా జనాన్ని ప్రోత్సహించిన బైబిలు ఇదే. ప్రకటించిన వెల 59.99 డాలర్లు, ఆయన సంతకం ఉన్న ప్రతికి వెయ్యి డాలర్లు పెట్టారు.

బైబిలుగా చూస్తే ఇందులో కొత్తదనం ఏమీ లేదు. తోలును పోలిన గోధుమ రంగు అట్ట, దాని మీద జెండా, లోపల 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం పెద్ద అక్షరాలలో ఉన్నాయి. మొదట 2021లో న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ అనే ఆధునిక ఇంగ్లీషు అనువాదంతో వేయాలని తలపెట్టినా, దాని ప్రచురణకర్తలు సమ్మతించలేదు. అమెరికాలో ఎవరైనా అనుమతి లేకుండా అచ్చు వేసుకోగలిగిన కింగ్ జేమ్స్ పాఠం అప్పుడు అక్కరకు వచ్చింది. గ్రాంథిక తెలుగు బైబిలుతో పెరిగిన మనకు ఆ పాత ఇంగ్లీషు అంతగా ఇబ్బంది కలిగించదు గానీ, ఇక్కడ పుట్టిన మా పిల్లలు రెండు వచనాలకే పుస్తకం మూసేశారు. 2024 తొలి నెలలలో చైనా నుంచి దిగుమతి అయిన దాదాపు 1,20,000 ప్రతులకు ఒక్కొక్కదాని విలువ 3 డాలర్ల లోపేనని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వెల్లడించింది కనుక, మిగిలిన యాభై ఆరు డాలర్లకు పైబడిన సొమ్ము దేనికి ఇస్తున్నామన్నది కొనేవారు అడగవలసిన ప్రశ్న.

ఆ సొమ్ముకు దొరికేవి అదనపు పేజీలు: స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం, హక్కుల పట్టిక (రాజ్యాంగానికి చేసిన మొదటి పది సవరణలు), జెండా ప్రతిజ్ఞ, గాయకుడు లీ గ్రీన్‌వుడ్ ‘గాడ్ బ్లెస్ ది యుఎస్ఏ’ అన్న తన పాట పల్లవిని చేతితో రాసిన పుట. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఈ పేజీలే. ఒక రాజు ఆజ్ఞతో జరిగిన అనువాదాన్నీ, మరొక రాజు అన్యాయాలను ఏకరువు పెట్టి అతణ్ణి కాదన్న 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన పత్రాన్నీ ఒకే అట్టలో కుట్టారు. ఆ పత్రం చిత్తు రాసిన, తరువాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్, తరువాతి కాలంలో సువార్తలలోని అద్భుతాలను కత్తిరించి పక్కన పెట్టి తనకొక పుస్తకం చేసుకున్నవాడు. ప్రతిజ్ఞను 1892లో రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ బాప్టిస్టు బోధకుడు, పైగా క్రైస్తవ సోషలిస్టు. ఆయన రాసినప్పుడు అందులో దేవుని ప్రస్తావన లేదు, ఆ మాటను 1954లో చేర్చారు. హక్కుల పట్టికలోని మొదటి సవరణ అయితే, ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించరాదని సూటిగా చెబుతుంది. ఆ పది సవరణలతోనే ముగించడం వల్ల, బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి సవరణకు గానీ, స్త్రీలకు ఓటు ఇచ్చిన 1920 నాటి సవరణకు గానీ ఇందులో చోటు దక్కలేదు. ప్రతిజ్ఞకు ఒక పుట దొరికింది, వీటికి దొరకలేదు.

ఇది రాజకీయ వస్తువు కాదని అమ్మేవారి వెబ్‌సైటు చెబుతుంది. ట్రంప్ పేరును రుసుము చెల్లించి వాడుకుంటున్నామని కూడా అక్కడే చెబుతుంది. 2025లో ఆయన సమర్పించిన ఆదాయ వివరాలలో దీని ద్వారా వచ్చినది 13 లక్షల డాలర్లు. ఓక్లహోమా విద్యాశాఖ 2024లో బడులకు 55,000 బైబిళ్ల కోసం టెండరు పిలిచినప్పుడు, ఈ పత్రాలన్నీ లోపలే ఉండాలని, అట్ట తోలుది గానీ తోలును పోలినది గానీ కావాలని షరతు పెట్టి, విమర్శలు వచ్చాక సడలించింది. తెల్లజాతి ఎవాంజెలికల్ (సువార్త ప్రచారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టెంటు) ఓటర్లలో పదిమందికి సుమారు ఎనిమిదిమంది 2024 అధ్యక్ష ఎన్నికలో ట్రంప్ వైపే ఉన్నారు కాబట్టి, కొనేది ఎవరో ఊహించడం కష్టం కాదు. అదే కింగ్ జేమ్స్ వాక్యంతో తరాలుగా ఆరాధించిన నల్లజాతి సంఘాల సభ్యులు మాత్రం అత్యధికంగా డెమొక్రాట్లకే ఓటు వేస్తూ వచ్చారు. మా తెలుగు సంఘంలో రెండు పక్షాలవారూ ఒకే బల్లపై కూర్చుంటారు. ఈ అట్టను చూడగానే వారిలో ఎవరు ఎటువైపో తెలిసిపోతుంది, నాకున్న ప్రధాన అభ్యంతరం అదే. “రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు” అన్న 146వ కీర్తన కూడా ఆ అట్ట లోపలే ఉంది.

చూపు మందగించినవారికి పెద్ద అక్షరాల కింగ్ జేమ్స్ బైబిలు కావాలంటే, ఏ క్రైస్తవ పుస్తకాల దుకాణంలోనైనా ఇంతకంటే చాలా తక్కువకు దొరుకుతుంది. రాజ్యాంగ ప్రతి కావాలంటే ప్రభుత్వ వెబ్‌సైటులో సవరణలన్నిటితో సహా ఉచితంగానే ఉంది. ఎలా ఉందని పెద్దాయన అడిగినప్పుడు నేను అక్షరాలు బాగున్నాయని మాత్రమే చెప్పాను.