రింగుల గుంతా, ఇటుక కట్టా, ప్లాస్టిక్ ట్యాంకా: తిరుపతిలో ఇల్లు కట్టేవాళ్లకు ఏది మేలు?

భూగర్భ డ్రైనేజీ చేరని శివారు లేఅవుట్లలో పునాది లేవగానే మరుగుదొడ్డి మురుగు పోయే సెప్టిక్ ట్యాంకు గురించి మేస్త్రీ అడుగుతాడు: "రింగులు దింపేద్దామా, ట్యాంకు కట్టాల్నా?"

గుంతలో సిమెంటు రింగులు ఒకదానిపై ఒకటి దింపడం చౌక, పని తొందరగా అయిపోతుంది. "పదేళ్లయినా నిండలే" అని గొప్పగా చెబుతారు. నిండకపోవడమే దాని రోగం. అడుగున కాంక్రీటు ఉండదు కాబట్టి మురుగు మురుగుగానే నేలలోకి దిగిపోతుంది. కొండ కింది రాతినేలలోనేమో అసలు ఇంకదు, వానాకాలం బాత్రూంలోకి ఎగదన్నుతుంది.

ఇటుక ట్యాంకు పదిమంది వాడే ఇంటికి, రెండేళ్లకోసారి తోడించే లెక్కన, 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల నీటిలోతు ఉండాలి. నీటిమట్టం పైన ఒక అడుగు ఖాళీ వదలాలి. లోపలి అడ్డగోడ, మురుగు వచ్చే వైపు నుంచి పొడవులో మూడింట రెండొంతుల దగ్గర రావాలి. మేస్త్రీలు ఎగ్గొట్టేది టీ పైపు, అంటే ఇంగ్లీషు T ఆకారపు పైపు. ట్యాంకు నీళ్లు బయటి ఇంకుడు గుంతలోకి పోయేచోట టీ బిగించి, దాని కాలు నీటిమట్టం కింద 30 సెంటీమీటర్లు మునగాలి. ఆ ఇరవై నిమిషాల పని మానేస్తే పైన తేలే తెట్టు నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి మట్టి రంధ్రాలు మూసేస్తుంది. తర్వాత ట్యాంకును ఎన్నిసార్లు తోడించినా గుంత తాగదు. ఆ గుంతకూ తాగునీటి బోరుకూ 18 మీటర్ల ఎడం కావాలి. పక్కింటి బోరునూ కొలవండి. మట్టి పూడ్చకముందే ట్యాంకు నింపి ఒక రోజంతా చూడండి, మట్టం దిగితే పూత బాగాలేనట్టే.

ఇరుకు సందుకు ప్లాస్టిక్ ట్యాంకు బాగుంటుంది, కారదు. కానీ తేలిక, నేలలో నీళ్లు ఊరితే పైకి తేలుతుంది. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతిలో ఒకరింటి నీళ్ల తొట్టి, శుభ్రం చేస్తుండగానే సిమెంటు రింగులతో సహా నేల చీల్చుకుని పైకి లేచింది. సిమెంటే తేలితే ప్లాస్టిక్ ఎంత! అడుగున కాంక్రీటు పలక వేసి పట్టీలతో బిగించాలి. లోపల నీళ్లు పోస్తూనే చుట్టూ ఇసుక నింపాలి.

మా ఓటు ఇటుక ట్యాంకుకే, చోటు లేకపోతే ప్లాస్టిక్. ఏదైనా రెండేళ్లకోసారి ట్యాంకర్ బండితో తోడించండి, అదీ ఎండాకాలంలో. మనిషిని లోపలికి దించొద్దు, విషవాయువు క్షణాల్లో పడేస్తుంది. అడుగున రెండంగుళాల బురద ఉంచమని డ్రైవరుకు చెప్పండి, కొత్త మురుగును కుళ్లబెట్టేది అందులోని సూక్ష్మజీవులే. బండి పోగానే ట్యాంకులో నీళ్లు పట్టేయండి.